మెత్తబ్రేకు

మా బస్సు ఎక్కే జనం మా ఆయనకు పెట్టిన పేరు మెత్తబ్రేకు. నిండు టీ గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడినా చుక్క ఒలకదని ఆ పేరు. నాకూ ఒక పేరు పెట్టారు గానీ అది చెప్పను. నోరు పెద్దదని పెట్టారు. తలుపులో వేలాడేవాళ్లను లోపలికి తోయాలంటే నోరు పెద్దదే ఉండాలి మరి, చిన్న నోటికి ఎవరు జరుగుతారు.

ఆయన డ్రైవరు, నేను కండక్టరు. ఒకే బండి, ఒకే షిఫ్టు. మొగుడూ పెళ్లాలను ఒకే బండి మీద వేయకూడదని డిపోలో ఎవరో అభ్యంతరం పెట్టారట. డ్యూటీలు వేసే కంట్రోలరు, "వేసి చూద్దాం, కొట్టుకుంటే విడదీద్దాం" అన్నాడట. మేం కొట్టుకోలేదు. కొట్టుకోవడానికి వీల్లేకుండా మా మధ్య నిండు బస్సు ఉండేది.

ఆయన సీటు ముందు, నా సీటు వెనక తలుపు పక్కన. తలుపు దగ్గర ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో డ్రైవరుకు తెలియడానికి ఆయన తల పైన పొడుగాటి అద్దం ఒకటి ఉంటుంది. బండి నడుస్తున్నంతసేపూ నాకు కనిపించేది ఆయన మెడ, రెండు చెవులు, ఆ అద్దంలో రెండు కళ్లు. చివరి స్టాపులో జనమంతా దిగిపోయాక ఇంజను ఆపేసేవారు. అప్పుడు నేను ముందుకు వెళ్లి సరిగ్గా ఆయన వెనక సీట్లో కూర్చునేదాన్ని. ఆయన వెనక్కి తిరిగేవారు కాదు. స్టీరింగు మీద చేతులు వేసుకుని, ఎదురుగా రోడ్డు చూస్తూ మాట్లాడేవారు. నేను ఆయన కాలరుతో మాట్లాడేదాన్ని.

మా సంసారం అంతా అక్కడే జరిగింది. అమ్మాయిని ఏ చదువులో చేర్చాలో, మా అత్తగారు చివరి రోజుల్లో ఎవరి దగ్గర ఉండాలో, ఇల్లు మారాలో వద్దో, అన్నీ ఆ సీటు వెనకే తేలాయి. మా నాన్న పోయిన వారం నేను అక్కడ కూర్చుని ఏడుస్తుంటే, ఆయన తిరగకుండానే చెయ్యి వెనక్కి చాచి నా మోకాలి మీద పెట్టారు. మళ్లీ బయలుదేరే వేళ దాకా ఆ చెయ్యి తీయలేదు.

ఇంట్లో మాత్రం ఆయన వేరే మనిషి. ఎదుటివాళ్ల కళ్లలోకి చూస్తూ మాట్లాడాలంటే నాలుక పిడచకట్టుకుపోతుంది. కూర ఎలా ఉందని అడిగితే కంచానికేసి తలూపుతారు. పెళ్లయిన కొత్తలో, ఈయనకు నేనంటే ఇష్టం లేదేమోనని కుమిలిపోయాను. ఒకే బండి మీద పడ్డాకే నా మొగుడెవరో నాకు తెలిసింది.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం, స్టాపు కాని చోట బండిని మెత్తగా పక్కకు తీసి ఆపారు. టైరు పంక్చరేమో అనుకున్నాను. ఇంజను ఆపి, సీట్లోంచి మొత్తంగా వెనక్కి తిరిగి, అంత మంది జనం మధ్యలోంచి నా వైపు చూశారు. అన్నేళ్లలో ఆయన నా కోసం వెనక్కి తిరిగింది అదొక్కసారే. 

"ఛాతీలో పిట్ట కొట్టుకుంటున్నట్టుంది" అన్నారు, నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి.

ఆసుపత్రిలో ఛాతీ మీద తీగలు అంటించి కాగితం తీశారు. గుండె పైగదులు లయ తప్పి వణుకుతున్నాయని గుండె డాక్టరమ్మ చెప్పింది. ప్రాణానికి ఇప్పుడే భయం లేదు, రక్తం గడ్డకట్టకుండా ఒక మాత్ర, వేగం అదుపులో ఉంచడానికి ఒక మాత్ర, రక్తపోటుకు ముందునుంచీ వేసుకుంటున్నది అలాగే వేసుకోవాలి అంది. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న. "బండి ఎప్పుడెక్కొచ్చు?"

"మూడు నెలలు వద్దు. తర్వాత మెడికల్ బోర్డు చూసి చెబుతుంది" అంది డాక్టరమ్మ.

అలా ఆయన ఇంట్లో పడ్డారు. నేను బస్సులో మిగిలాను.

కొత్త డ్రైవరుకు జనం రెండో రోజే పేరు పెట్టేశారు, కుదుపు అని. కుర్రాడు చెడ్డవాడు కాదు. కాకపోతే బ్రేకు మీద కాలు పెట్టడం, పామును తొక్కడం ఒకేలా చేస్తాడు. నల్లకళ్లద్దాలు పెట్టుకుంటాడు కాబట్టి పై అద్దంలో చూస్తే రెండు నల్లటి బిళ్లలు కనిపించేవి. చివరి స్టాపులో ఇంజను ఆగగానే నా కాళ్లు వాటంతట అవే ముందుకు నడిచాయి. వెనక సీట్లో కూర్చున్నాక గానీ తెలివి రాలేదు. కుర్రాడు చెవుల్లో ఏదో పెట్టుకుని తలాడిస్తూ పాట వింటున్నాడు. కాసేపు అతని కాలరు చూసి లేచి వచ్చేశాను. మర్నాడు కూడా అదే పని చేశాను. బెంగ పెట్టుకోవడానికి నాకేం చిన్న వయసా, అయినా బెంగే. ఆయన ఇంట్లోనే ఉన్నారు, సాయంత్రం వెళితే కనిపిస్తారు, అయినా ఊరెళ్లిన మనిషి కోసం ఎదురు చూసినట్టు ఉండేది.

సాయంత్రం ఇంటికి వెళితే ఎదురెదురుగా రెండు కుర్చీలు. ఆయన నా చెప్పుల వైపు చూసి, "ఇవాళ జనం ఎక్కువా?" అనేవారు. "మామూలే" అనేదాన్ని. అక్కడితో మా కబుర్లు అయిపోయేవి. పొద్దుటినుంచీ ఆయనకు చెప్పాలని కూడబెట్టుకున్న మాటలన్నీ ఆ ముఖం ఎదురుగా చూడగానే ఎటో పోయేవి. ఆయనకూ అంతేనని నాకు తెలుసు.

మా ఆడపడుచు వచ్చింది అప్పుడే. బలం మందులూ పొడులూ అమ్మే దుకాణంలో పని చేస్తుంది. నాకూ ఆమెకూ పడదని కాదు గానీ, ఆమె వస్తే నేను వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా కడుగుతాను. సంచిలోంచి రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అన్నయ్యా, ఇది మెగ్నీషియం. కండరాలు పట్టేయకుండా చూస్తుంది. గుండె కూడా కండరమే కదా. ఇవి చేప నూనె గోళీలు. మందులు మానేసి ఇవి మింగేవు, ఇవి మందులకు తోడు మాత్రమే."

"మందులు పెళ్లికొడుకైతే ఇవి తోడుపెళ్లికొడుకన్నమాట" అన్నాను వంటింట్లోంచి.

"వదినా, నువ్వు నవ్వినా సరే, నేను చెప్పాల్సింది చెప్తున్నా. డాక్టరమ్మకు చూపించి, సరేనంటేనే మొదలుపెట్టమను. ఇప్పటికే మూడు మాత్రలు వేసుకుంటున్నాడు. ఏది దేనికి పడదో దుకాణంలో ఉన్న నాకేం తెలుస్తుంది?"

ఆ మాటకు ఆమె మీద గౌరవం కలిగింది. ఆ పూట గిన్నెలు మెల్లగానే కడిగాను.

"చూపిస్తాలే" అన్నారు ఆయన. చూపించకుండానే మొదలుపెట్టేశారు. నేను గుర్తు చేస్తే, "చూపిస్తే వద్దంటుంది. డాక్టర్లకు తాము రాసిందే మందు" అన్నారు గోడకేసి చూసి. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

నిజం చెప్పాలంటే తేడా కనిపించింది. నిద్ర బాగా పట్టింది. ఛాతీలో పిట్ట కొట్టుకోవడం తగ్గింది. అది డాక్టరమ్మ మాత్రల వల్లనో, ఈ గోళీల వల్లనో, ఆయన టీ తగ్గించి పొద్దున్నే నడవడం వల్లనో ఎవరు చెప్పగలరు. నలుగురు కలిసి కట్టిన గోడలో ఏ ఇటుక ఎవరు పెట్టారంటే ఏం చెబుతాం. ఆయన మాత్రం పుణ్యమంతా డబ్బాలకే కట్టబెట్టారు. డాష్‌బోర్డులో ముళ్లు చూసినట్టు డబ్బా మీద రాతలు చూసేవారు. రోజూ పొద్దున నేను డ్యూటీకి బయలుదేరే ముందు చెయ్యి చాచి, "చూడు" అనేవారు. నేను మణికట్టు మీద వేళ్లు పెట్టి చూసేదాన్ని. కొన్ని రోజులు కుదురుగా కొట్టుకునేది, కొన్ని రోజులు గబగబా రెండు దెబ్బలు కొట్టి మూడోది మరిచిపోయేది. ఎలా ఉన్నా "బాగుంది" అనేదాన్ని. పెళ్లయిన ఇన్నేళ్లకు రోజూ ఆయన చెయ్యి పట్టుకోవడానికి ఒక వంక దొరికింది, వదులుకోబుద్ధి కాలేదు.

ఆయన మళ్లీ ఆ సీట్లో కూర్చోవాలని ఆయనకెంత ఉందో, నాకు అంతకంటే ఎక్కువ ఉంది. ఆయనకు కావలసింది స్టీరింగు. నాకు కావలసింది ఆయన.

బోర్డు ముందుకు వెళ్లాల్సిన వారం దగ్గర పడింది. ఇక్కడ మా డిపో పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి బండికీ ఏడాదికోసారి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. ఏడాదంతా దిక్కూ దివాణం లేకుండా తిరిగిన బండికి ఆ వారం రాజభోగం. ఇంజను ఆయిలు గీత దాకా, బ్రేకు ఆయిలు గీత దాకా, రేడియేటర్లో నీళ్లు మూతి దాకా పోస్తారు. గలగలలాడే రేకును తాడుతో బిగిస్తారు. తనిఖీ చేసేవాడి ముందు అన్నీ నిండుగా కనిపించాలి, అదే సూత్రం. సర్టిఫికెట్టు చేతికొచ్చాక తాడు విప్పి పక్క బండికి కడతారు. ఆయన ఉద్యోగం అంతా ఆ వారాలు చూస్తూనే గడిచింది. తన ఒంటికి కూడా అదే సూత్రం వర్తిస్తుందని ఆయనకు అనిపించడంలో వింతేమీ లేదు.

ఒక పొద్దున చూస్తే అరచేతిలో గోళీలు రెట్టింపు ఉన్నాయి.

"ఇదేంటండీ, పిడికెడు మింగుతున్నారు?"

"బోర్డు దగ్గర పడింది కదా. అన్నీ గీత దాకా ఉండాలి."

"మీకు గీత ఎక్కడుంది, బొడ్డు దగ్గరా?"

ఆయన నవ్వి, అన్నీ మింగి నీళ్లు తాగారు. మెగ్నీషియం ఎక్కువైతే కడుపు ఊరుకోదని మా ఆడపడుచు ముందే చెప్పింది. రెండు రోజులు మంచానికీ బాత్రూముకూ మధ్య షటిల్ సర్వీసు నడిపారు. "అన్ని స్టాపుల్లోనూ ఆగుతోందా?" అని ఎగతాళి చేశాను. అదే వారం గడ్డం గీసుకునే సామాను వెనక కొత్త డబ్బా ఒకటి కనిపించింది, నారింజ రంగు పొడి. అదేమిటంటే, "కడుపు కదిలి నీరసంగా ఉంది, బలానికి" అన్నారు. కడుపు కదిలిన మాట నిజమే కాబట్టి నేను రెండో మాట అడగలేదు.

బోర్డు రోజున నేను సెలవు పెట్టాను. ఆయన యూనిఫాం తానే ఇస్త్రీ చేసుకున్నారు. మూడు నెలల తర్వాత ఆ బట్టల్లో చూసేసరికి నాకు సిగ్గులేకుండా సంతోషం పొంగింది. కాలరు సరిచేసే నెపంతో వెనక నిలబడి మెడ చూసుకున్నాను. జుట్టు కాస్త నెరిసింది, అంతే తేడా. రేపో ఎల్లుండో ఈ మెడ నా ఎదురుగా ఉంటుంది అనుకున్నాను.

బోర్డు కూర్చునేది గుండె ఆసుపత్రిలోనే. గేటు దగ్గర దిగి మెట్ల దాకా నడిచాం. మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయారు. రెండో కాలు లేవలేదు.

"కాలు బరువుగా ఉంది" అన్నారు. "క్లచ్ తెగిపోయినట్టుంది. తొక్కుతున్నా ఏమీ పలకడం లేదు."

తమాషాకు అంటున్నారేమో అనుకున్నాను. అంతలో మెట్టు మీద కూలబడ్డారు. పెదవులు పాలిపోయాయి. నాకు అలవాటైన పనే కదా, మణికట్టు పట్టుకున్నాను. వేళ్ల కింద ఒక దెబ్బ తగిలింది. తర్వాత ఏమీ లేదు. ఇంకొకటి వస్తుందని చూస్తూనే ఉన్నాను. జనం నా నోటికి పెట్టిన పేరు ఆ రోజు సార్థకమైంది. నేను అరిచిన అరుపుకు స్ట్రెచరు తోసుకుంటూ ఇద్దరు బయటికి పరిగెత్తుకొచ్చారు.

లోపల మళ్లీ తీగలు అంటించారు. డాక్టరమ్మ కాగితం చూసి ముఖం చిట్లించింది. రక్తం పరీక్షకు పంపి, మంచం పక్కకు వచ్చి వంగి అడిగింది. "నేను రాసినవి కాకుండా ఇంకేమైనా వేసుకుంటున్నారా?"

ఆయన ఆమె ముఖం చూసి, వెంటనే కళ్లు దించుకున్నారు. "రాసినవే" అన్నారు.

"మెగ్నీషియం, చేప నూనె వేసుకుంటున్నారమ్మా. ఈ వారం రెట్టింపు చేశారు" అన్నాను నేను.

"వాటితో గుండె ఇంత నెమ్మదించదు. ఇంకేదో ఉంది. ఏం తీసుకున్నారో, ఎంత తీసుకున్నారో తెలిస్తే రిపోర్టు కోసం ఆగకుండా ఇప్పుడే మందు మొదలుపెడతాను. చెప్పండి" అంది ఆయనతో.

ఆయన కళ్లెత్తలేదు. చెబితే సీటు పోతుందని భయం. చెప్పకపోతే ప్రాణం పోతుంది. ఎదురుగా తెల్లకోటు, పక్కన నర్సు, కాళ్ల దగ్గర నేను, ముగ్గురం ఆయన ముఖంలోకే చూస్తున్నాం. నారింజ పొడి నాకప్పుడు గుర్తొచ్చింది, కానీ అందులో ఏముందో, ఎంత తాగారో నాకు తెలియదు. ఈ మనిషి ఇలా నోరు విప్పడని అర్థమైంది.

"ఒక్క నిమిషం, మీరు కాస్త పక్కకు జరగండమ్మా" అన్నాను. మంచానికీ గోడకూ మధ్య స్టూలు లాక్కుని, ఆయన తల వెనక కూర్చున్నాను. నాకు ఆయన నడినెత్తి, చెవులు కనిపిస్తున్నాయి. ఆయనకు ఎదురుగా ఖాళీ తలుపు తప్ప ఇంకేమీ లేదు.

"డ్రైవర్ గారూ" అన్నాను, చివరి స్టాపులో పిలిచినట్టే. "ఆ నారింజ పొడి ఏంటి?"

 ఆయన తలుపుకేసి చూస్తూ మొదలుపెట్టారు. "పొటాషియం. గుండె లయకు మంచిదని డబ్బా మీద రాసుంది. ఆటలాడేవాళ్లు తాగుతారట."

"ఎంత తాగారు?"

"మూడు పూటలా. పూటకు రెండు చెంచాలు. నిన్న రాత్రి ఇంకొంచెం ఎక్కువ వేశా. తనిఖీ కదా అని."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు వద్దంటావని. నాకు బండి కావాలోయ్. ఇంట్లో ఉంటే నీతో మాట్లాడటం చేతకావడం లేదు. పొద్దున నువ్వు వెళ్లిపోతావు. ఆ కుదుపు గాడి వెనక కూర్చుని వాడితో కబుర్లు చెబుతావేమోనని కూడా అనిపించేది."

నర్సు తల తిప్పుకుంది. డాక్టరమ్మ అప్పటికే చెయ్యి ఊపి సూదులు సిద్ధం చేయిస్తోంది. నేను చెయ్యి ముందుకు చాచి ఆయన భుజం మీద పెట్టాను. "వాడు పాటలు వింటాడు. నాతో మాట్లాడడు" అన్నాను. 

సాయంత్రానికి గండం గడిచింది. డాక్టరమ్మ ఈసారి తెలివిగా కిటికీ దగ్గర నిలబడి, బయటికి చూస్తూ మాట్లాడింది.

"పొటాషియం గుండెకు అవసరమే. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. మీరు రక్తపోటుకు వేసుకునే మాత్ర దాన్ని ఒంట్లోంచి తొందరగా బయటికి పోనివ్వదు. పైగా కడుపు కదిలి ఒంట్లో నీరు తగ్గింది, మూత్రపిండాలు నీరసించాయి. వచ్చింది వచ్చినట్టు లోపలే నిలిచిపోయింది. చేప నూనె కూడా మరీ ఎక్కువైతే కొందరికి ఈ గుండె దడే పెరుగుతుంది. మెగ్నీషియం రక్తంలో తక్కువుంటే నేనే రాసేదాన్ని. మీకు తక్కువ లేదు. నిండిన దాంట్లో పోస్తే ఏమవుతుంది?"

"పొంగుతుంది" అన్నారు ఆయన.

"అడగాల్సింది. వద్దని తిట్టేదాన్ని కాదు, చూసి చెప్పేదాన్ని."

ఆయన తలూపి అసలు మాట అడిగారు. "నేను ఈ పిచ్చి పని చెయ్యకపోతే ఇవాళ బండి ఇచ్చేవారా?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదండీ. పోయిన నెల గుండె లయ రాసుకోవడానికి మీ నడుముకు కట్టి పంపిన యంత్రంలో దడ వచ్చిపోతున్నట్టు తెలిసింది. ఒకసారి కళ్లు తిరిగాయని మీరే చెప్పారు. ఈ మందులతో మీరు హాయిగా బతకొచ్చు, నడవొచ్చు, మెట్లెక్కొచ్చు. నిండు బస్సు మాత్రం మీ చేతుల్లో పెట్టమని నేను బోర్డుకు రాయలేను. ఏ డబ్బా మింగినా రాసేదాన్ని కాదు."

నాకు ఆమె మీద కోపం వచ్చింది. డబ్బాల మీద కోపం వచ్చింది. మూడు నెలల నా ఆశ మీద అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది. ఆయన మాత్రం, "నిండు బస్సు కదా. నిజమే" అన్నారు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు కూడా చూడలేదు, ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను వెనకే కూర్చుని చాలాసేపు ఆయన వీపు రాస్తూ ఉన్నాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, అయినా అది ఇంట్లో ఉండే మౌనం కాదు.

డిపోలో ఆయనకు స్టోరు గదిలో పని ఇచ్చారు. సామాను లెక్క చూసి ఇవ్వాలి. డబ్బాలన్నీ మా ఆడపడుచు వచ్చి తీసుకెళ్లింది. "నేనే తెచ్చిపెట్టాను వదినా" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే, "నువ్వు అడగమన్నావు, ఆయన అడగలేదు. ఏడుపు ఆపి అన్నం తిను" అని కసిరాను. కంట్రోలరు నన్ను కూడా ఆఫీసులో వేస్తానన్నాడు. ఇంటికొచ్చి చెబితే ఆయన నా వెనక్కి వచ్చి నిలబడి, "నువ్వు దిగకు. ఒకళ్లమైనా బండి మీద ఉందాం" అన్నారు. నాకూ దిగాలని లేదు. అలాగని ఆ బండిలో ఉండాలనీ లేదు.

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం ఆయన ఆసుపత్రికి రక్తపరీక్ష కోసం బయలుదేరారు. మా బస్సే ఎక్కారు. ఎప్పుడూ ముందు తలుపులోంచి ఎక్కిన మనిషి, ఆ రోజు జనంతో పాటు వెనక తలుపులోంచి ఎక్కారు. నా పక్క సీటు ఖాళీ అయితే వచ్చి కూర్చున్నారు. పాత ప్రయాణికులు గుర్తుపట్టి పలకరించారు. ఒక ముసలావిడ, "నువ్వు లేక నడుములు విరుగుతున్నాయయ్యా" అంది. ఆయన నవ్వారు. కుదుపు వేసిన బ్రేకుకు ఇద్దరం ముందుకు తూలాం. ఆయన పెదవి కొరుక్కున్నారు.

జనం కాస్త పలచబడ్డాక ముందుకు చూస్తూ అడిగారు. "ఇన్నేళ్లూ నీకు కనిపించింది ఇదేనా?"

"ఇదే."

"ఏముంది ఇందులో? ఒక మెడ, రెండు చెవులు. విసుగు పుట్టలేదా?"

"అది మీ మెడ కదండీ" అన్నాను. "పొద్దుటినుంచి సాయంత్రం దాకా చూసినా తనివి తీరేది కాదు. ఇప్పుడు తల ఎత్తాలంటేనే మనసొప్పడం లేదు."

ఇంట్లో ఎన్నడూ అనని మాట, నలుగురి మధ్య అనేశాను.  ఆసుపత్రి స్టాపు దగ్గర పడుతోంది. ఆయన లేచి నిలబడి కమ్మీ పట్టుకున్నారు.

"తలుపు చూసుకోమని పెట్టారోయ్ ఆ అద్దం" అన్నారు. "నేను దాంట్లో తలుపు ఎప్పుడు చూశాను? నిన్నే చూసేవాణ్ణి."

ఆ మాట ఆయన నా కళ్లలోకి చూస్తూ అన్నారు.

బండి ఆగింది. నలుగురు దిగారు, ఆయనా దిగారు. దిగి వెళ్లిపోలేదు. ఫుట్‌పాత్ మీద నిలబడి నన్నే చూస్తున్నారు. నాకూ చూపు తిప్పుకోవడం చేతకాలేదు. వెనక ఒక కారు హారన్ కొట్టింది. ముందునుంచి కుర్రాడు అద్దంలో చూస్తున్నాడు. నేను చెబితే గానీ బండి కదలదు.

"రైట్" అన్నాను.